అమ్మ రిపోర్టులు నా ఫోన్‌లో

ప్రశ్న: మా అమ్మగారికి 67 ఏళ్లు. చాలాకాలంగా షుగరు, బీపీ ఉన్నాయి. ఆసుపత్రివారు ఈ మధ్య ఆవిడ పేరున ఆన్‌లైన్ పోర్టల్‌లో ఖాతా తెరిచి, నా మొబైల్ నంబరు నమోదు చేశారు. మొన్న రాత్రి పదింటికి కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 అని ఎర్రటి అంకె కనిపించేసరికి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. ఈ పోర్టల్ వాడటం మంచిదేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: తప్పకుండా వాడండి. పెద్దవాళ్లు సంచీ నిండా కాగితాలు తెచ్చినా, నాకు కావలసిన పాత రిపోర్టు అందులో ఉండదు. ఈసీజీ ఉన్నా, ఆ కాగితం మీద గీతలు వెలిసిపోయి ఉంటాయి. పోర్టల్‌లో ఆ బెడద లేదు.

ఇక ఎరుపు సంగతి. ల్యాబ్ పెట్టుకున్న పరిధిని ఏ కాస్త దాటినా కంప్యూటర్ ఆ అంకెను ఎర్రగా చూపుతుంది. ప్రమాదం ఎంతో దానికి తెలియదు. అలాగని 1.4ను తేలిగ్గా తీసుకోమనను, ఆ వయసు స్త్రీలో అది కిడ్నీల పనితీరు తగ్గిందని సూచించే అంకే. అయితే ఒంట్లో నీరు తగ్గినా, కీళ్లనొప్పుల మాత్రలు వాడినా క్రియాటినిన్ పెరగవచ్చు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని చెప్పాలంటే ఆ మార్పు కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. అందుకే పోర్టల్‌లో పాత రిపోర్టులు తెరిచి, అప్పటి అంకెలు రాసుకుని డాక్టరుకు చూపించండి. మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా మాత్రం పోర్టల్‌లో సందేశం పెట్టి జవాబు కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఈ కలవరం మీ ఒక్కరిదే కాదు. రిపోర్టులను అకారణంగా ఆపరాదన్న నిబంధన 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న అమెరికాలో, డాక్టరు ఫోన్ చేయకముందే బయాప్సీ ఫలితాన్ని ఒంటరిగా చదువుకునే పరిస్థితి రోగులకు ఎదురవుతోంది.

నన్ను ఎక్కువగా బాధించే విషయం వేరే ఉంది. ఓటీపీ మీ ఫోనుకు వస్తోంది కనుక, అమ్మగారు స్త్రీల డాక్టరుకు చెప్పుకున్నవి కూడా మీ కంటపడతాయి. అది ఆవిడకు సమ్మతమేనా అని ఎవరైనా అడిగారా? మన ప్రభుత్వం ఆరోగ్య రికార్డుల కోసం ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్య విధానంలో రికార్డులు ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి, వేరేవారు చూడాలంటే రోగి అనుమతి కావాలి, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోనూవచ్చు. కానీ ఆ అనుమతి నొక్కే వేలు కొడుకుదైతే ఆ రక్షణ ఆవిడకు దక్కదు.

ముందు అమ్మగారిని అడగండి. మీ నంబరే ఉండనిమ్మంటే, రిపోర్టు వచ్చిన ప్రతిసారీ ఆవిడకు చదివి వినిపించండి.