ఆరు కుర్చీలకు ముందు ఒక్క కుర్చీ

చి. అమ్మడికి బాబాయ్ ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మ చూశాను. డైనింగ్ టేబుల్‌తో పాటు ఆరు కుర్చీలూ నీ చేత్తోనే చేస్తానంటున్నావు. చాలా సంతోషం. బొమ్మలో కుర్చీ నాజూగ్గానే ఉంది. కానీ కొలతలు ఎవరివి? మీ ఇంట్లో వాళ్ళవైతే కాదు.

ముందు మీ అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపు పెట్టి చూడు. షాపు కుర్చీలు సాధారణంగా 18 అంగుళాల ఎత్తు ఉంటాయి. ఐదడుగుల మనిషి అందులో కూర్చుంటే పాదాలు నేలకు ఆనవు, తొడల కింద అంచు ఒత్తుకుని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. అలాగని మరీ దించేస్తే మోకాళ్ళ నొప్పులున్న వదిన లేవడానికి టేబుల్ పట్టుకోవాల్సి వస్తుంది. రెండూ పూర్తిగా కుదరవు. నేనైతే 17 అంగుళాలు పెట్టి, సీటు ముందు అంచును గుండ్రంగా చిత్రిక పడతాను. టేబుల్ ఇంకా మొదలుపెట్టలేదన్నావు కాబట్టి దాన్ని 30కి బదులు 29 అంగుళాలు చెయ్యి. సీటుకీ టేబుల్ పైభాగానికీ మధ్య పన్నెండు అంగుళాలుంటే చెయ్యి హాయిగా కంచంలోకి వెళ్తుంది.

సీటు లోతు, అంటే ముందు అంచు నుంచి వెనక దాకా, 16 అంగుళాలు చాలు. అంతకన్నా పెంచితే పొట్టివాళ్ళకు వీపు ఆనదు. వెడల్పు మాత్రం ముందు వైపు 19, వెనక 16 పెట్టు. మనవాళ్ళు సగంమంది ఒక కాలు మడిచి కుర్చీ మీద పెట్టుకుని తింటారు, మీ నాన్న సంగతి నీకు చెప్పక్కర్లేదు. అందుకే కుర్చీకి చేతులు వద్దు. సీటు వెనక్కి ఓ అరంగుళం వాలాలి. కుర్చీ వీపు పది డిగ్రీలు వాలితే చాలు, అంటే 18 అంగుళాల ఎత్తుకి సుమారు మూడంగుళాలు. ఇంకా వాల్చావంటే అది పేపరు చదువుకునే కుర్చీ అవుతుంది.

ఇవన్నీ కాగితం మీద కాదు, ప్లైవుడ్ ముక్క మీద అసలు సైజులోనే గీయి. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. ఇక కొలవడం ఉండదు, కర్రను ఆ గీతల మీద పెట్టి గుర్తులు పెట్టుకోవడమే.

కర్ర విషయానికొస్తే, మొదటి కుర్చీకి కొత్త టేకు కొనకు. పాత ఇళ్ళు పడగొట్టిన చోట ద్వారబంధాలు, దూలాలు అమ్ముతారు. ఏళ్ళ తరబడి ఆరిన కర్ర, ఇక పెద్దగా వంకర పోదు. మేకులు మాత్రం ఒక్కటి వదలకుండా పీకు, లేకపోతే రంపం పళ్ళు పోతాయి. కలప డిపోలో కొంటే చేవ (మధ్యలోని ముదురు కర్ర) చూసుకో, అంచున తెల్లగా ఉన్నదాన్ని పురుగు తినేస్తుంది. పచ్చికర్ర అంగుళం మందానికి సుమారు ఏడాది ఆరాలి. వృథాతో కలిపి కుర్చీకి ముప్పాతిక ఘనపుటడుగు లెక్కేసుకో.

ఇప్పుడు అసలు సంగతి. నీ బొమ్మలో వెనక కాళ్ళు చూసే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అన్నం తిన్నాక మనిషి వెనక్కి వాలి, ముందు కాళ్ళు లేపి ఊగుతాడు. ఆ బరువంతా పక్క పట్టీ (సీటు కింద ముందు కాలినీ వెనక కాలినీ కలిపే కర్ర) వెనక కాలిలోకి దూరే చోట పడుతుంది. కుర్చీ వదులైనా విరిగినా దాదాపు ఎప్పుడూ అక్కడే. అందుకే ఆ పట్టీ కనీసం రెండున్నర అంగుళాల ఎత్తు ఉండాలి. నువ్వు గీసింది ఒకటిన్నరే. కాలి బెజ్జంలో దూరేలా పట్టీ చివర చెక్కే నాలుక, అదే కుసి, పట్టీ మందంలో మూడో వంతు, పొడవు అంగుళంపావు ఉంచు. మేకు జోలికి పోకు. బెజ్జం కొట్టేటప్పుడు రెండు చివర్లూ వదిలి మధ్య నుంచి మొదలుపెట్టు, చివర్లు ఆఖరున సన్నగా తీసేయ్. కుసి చేత్తో నొక్కితే సగం దూరాక ఆగి, కొయ్య సుత్తితో తట్టితే మిగతాది దిగాలి. సుత్తితో బలంగా బాదాల్సి వస్తోందంటే కాలు చీలుతుంది.

సీటు ముందు వెడల్పు, వెనక సన్నం కాబట్టి ఆ పట్టీ మూలమట్టానికి రాదు, ఐదు డిగ్రీల పైచిలుకు వంకర ఉంటుంది. ఆ వంకర కుసిలో తియ్యి, బెజ్జం మాత్రం నిటారుగానే కొట్టు. వెనక కాలు వంపుగా ఉంటుంది కనుక ఐదంగుళాల వెడల్పు పలక తీసుకుని, ఒకదాని వంపులో ఇంకొకటి ఇమిడేలా గీయి. కర్ర నార కాలు పొడవునా సాగాలి. వంపు దగ్గర నార అడ్డం తెగిందా, అక్కడే పుటుక్కుమంటుంది.

బిగించేటప్పుడు ముందు రెండు కాళ్ళు ఒక జత, వెనక రెండు ఒక జత విడిగా అంటించి ఆరనివ్వు. మర్నాడు పక్క పట్టీలు. టేకులో నూనె ఉంటుంది, ఫెవికాల్ రాసేముందు కుసులు థిన్నర్‌తో తుడిచి ఆరనివ్వు. సీటు మూల నుంచి మూలకి దారం పట్టి చూడు, రెండు కొలతలూ ఒకటే రావాలి. ఆరాక ఊగితే సమంగా ఉన్న రాయి మీద పెట్టి, పొట్టి కాలి కింద అట్టముక్కలు పేర్చి, నాలుగు కాళ్ళకూ ఒకే ఎత్తున గీత గీసి కొయ్యి. ఊగే కాలు ఒక్కదాన్నే కోసుకుంటూ పోతే పిల్లల పీట మిగులుతుంది.

సీటుకి పేము అల్లిక అయితే గాలి ఆడుతుంది, బరువూ తగ్గుతుంది. చండీగఢ్ ఆఫీసుల కోసం 1950లలో స్విస్ ఆర్కిటెక్ట్ పియరీ జనరే చేయించిన టేకు, పేము కుర్చీలు ఇప్పుడు విదేశాల్లో వేలంలో లక్షలు పలుకుతున్నాయి. చెక్క సీటయితే సాంబారు పడినా తుడిచేయొచ్చు, నా ఓటు దానికే. లక్క పాలిష్ చూడ్డానికి బాగుంటుంది కానీ తడికీ వేడికీ తెల్లబడుతుంది, భోజనాల దగ్గర పీయూ (పాలీయురెథేన్) కోటింగ్ మేలు. అవిసె నూనె రాస్తే మాత్రం తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకు, వాటంతట అవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టు.

ఒక కుర్చీ చేసి, నెల రోజులు అందరి చేతా దాని మీద భోజనం చేయించు. మిగతా ఐదు తర్వాత చూద్దాం. ప్లైవుడ్ మీద గీశాక టేపు పక్కన పెట్టి ఫోటో తీసి పంపు, వెనక కాలు దగ్గరగా కనపడాలి. పేమే కావాలనుకుంటే కర్ర కోయకముందే చెప్పు, అల్లేవాళ్ళు దొరకడం ఇప్పుడు కష్టంగా ఉంది. పట్టీల్లో బెజ్జాలు కూడా దానికి తగ్గట్టు వెయ్యాలి.

మీ బాబాయ్