కాళ్లు పనిచెయ్యని నాకు కాళ్లతో తొక్కే మిషను ఇచ్చారండి

"వికలాంగ మహిళల ఉపాధికి గ్రాంటు కోసం మా సంస్థ దరఖాస్తు పెడుతోంది. 40 మందికి కుట్టుమిషన్లు అడుగుదామనుకుంటున్నాం. ఇలాంటివి అందుకున్నవాళ్లు అనుభవం చెప్పండి" అని మీరు అడిగారు. కుట్టుమిషన్లు అన్న మాట దగ్గరే నా చూపు ఆగిపోయిందండి.

నాది కోనసీమలో కాలవ అవతల ఇల్లు. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఇప్పుడు జాకెట్లు కుట్టుకుని బతుకుతున్నాను, బాగానే బతుకుతున్నాను. మిషను కూడా గ్రాంటులో వచ్చిందే. కాకపోతే ఎలా వచ్చిందో వినండి.

2012, శ్రావణ మాసం. పొద్దున్న తొమ్మిదింటికల్లా రమ్మన్నారు. ముఖ్య అతిథి రెండింటికి వచ్చారు. షామియానా కింద వరసగా మిషన్లు, ఒక్కోదానికీ ఒక్కో బంతిపూల దండ. అన్నీ కాళ్లతో తొక్కేవే. నా పక్కన కూర్చున్న కుర్రాడికి ఒక చెయ్యి లేదు, అతనికీ అదే మిషను. నా పేరు పిలిచాక మెల్లిగా అన్నాను, "సార్, ఇది తొక్కాలి కదండీ" అని. ఆయన ఫొటోగ్రాఫరు వైపే చూస్తూ "ఇంట్లో ఎవరో ఒకరు తొక్కుతార్లేమ్మా" అన్నారు.

ఆటో కాలవ గట్టు దాకానే వస్తుంది. అక్కణ్ణించి మా ఇంటికి రెండు తాటి దుంగలు, అదే వంతెన. నేను దాని మీద కూర్చుని, చేతులు ఆనించి, కొంచెం కొంచెంగా జరుగుతూ దాటేదాన్ని. కాటన్ దొర ఇంత డెల్టాకీ నీళ్లిచ్చాడు గానీ మా గుమ్మానికి వంతెన వెయ్యడం మర్చిపోయాడని నాన్న నవ్వేవారు. ఆ రోజు తమ్ముడు మిషను తలకాయ నెత్తిన పెట్టుకున్నాడు, నాన్న ఇనప స్టాండు మోశారు. చెక్క బల్ల మాత్రం జారి కాలవలో పడింది. తమ్ముడు దూకి పట్టుకొచ్చాడు. నీళ్లకి ఉబ్బిపోయిన సొరుగు మళ్లీ తెరుచుకోలేదు, లోపల పెట్టిన సూదుల పొట్లం ఇంకా అందులోనే ఉంది!

మా చెల్లి ఆర్నెల్లు తొక్కింది. నేను గుడ్డ పట్టుకోవడం, అది తొక్కడం. "ఆపవే" అనేలోపు రెండంగుళాలు ఎక్కువ కుట్టు పడిపోయేది. మాఘంలో దాని పెళ్లయిపోయింది. అప్పుడు అమలాపురంలో మెకానిక్కుతో మోటారు పెట్టించాను, బెల్టుతో కలిపి 1,800 రూపాయలు. తీరా చూస్తే మోటారు రెగ్యులేటరూ కాలితో నొక్కేదే. మెకానిక్కు బుర్ర గోక్కుని, మిషను తలకాయని పీట మీద బిగించి, రెగ్యులేటర్ని నా ఎడం మోచేతి కిందకి వచ్చేలా చిన్న స్టూలు మీద మేకులతో కొట్టాడు. మొదటి వారం మోచెయ్యి కమిలిపోయింది. రెండో వారం ఆది జాకెట్టు పక్కన పెట్టుకుని నా అంతట నేను మొదటి జాకెట్టు కుట్టాను.

ఏడాది తిరక్కుండా ఆ మిషన్లిచ్చినవాళ్లు ఫొటోకి వచ్చారు. వాళ్ల కాగితంలో మోటారు లేదట. తలకాయని మళ్లీ స్టాండు మీదకి ఎక్కించి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మోటారు మీద తువ్వాలు కప్పి, నా పాదాలు చేత్తో ఎత్తి పెడల్ మీద పెట్టారు.

ఆ 1,800 గ్రాంటులో లేవు. కాలవ మీద పలక వెయ్యడానికి నాన్న రెండు దింపుల కొబ్బరి డబ్బు పెట్టారు, అదీ గ్రాంటులో లేదు. పలక పడ్డాకే ఆడవాళ్లు గుడ్డలు పట్టుకుని మా ఇంటికి రావడం మొదలైంది. అసలు నన్ను నిలబెట్టింది ఊళ్లో వికలాంగుల సంఘం ఇచ్చిన 5,000 అప్పు, నూటికి రూపాయి వడ్డీ. లైనింగు, ఫాల్సు, హుక్కులు, దారాలు కొనుక్కుంటేనే ముహూర్తాల్లో పని దొరుకుతుంది. బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే కుట్టిందంతా వాడికే. నన్నడిగితే ఏ దేశంలోనైనా ఇంతే: వస్తువు ఇచ్చేవాళ్లు వందమంది ఉంటారు, పెట్టుబడి ఇచ్చేవాడు ఒక్కడుండడు. మిషను ఫొటోలో పడుతుంది, హుక్కుల పొట్లం పడదు.

ఇంకోటి. 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చాక పెద్ద సంస్థ తెచ్చిన విదేశీ డబ్బు ఊళ్లో సంఘానికి బదిలీ చెయ్యడానికి లేదు. ఆఫీసు ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. ఖాతా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. దొంగ సంస్థల్ని పట్టుకోవడానికి అన్నారు, మధ్యలో మాలాంటి సంఘాలు ఎండిపోయాయి. కంపెనీలు లాభాల్లోంచి సమాజసేవకి పెట్టాల్సిన 2 శాతం డబ్బు ఉంది కదా అంటారు, వాళ్లకీ లెక్కపెట్టి చూపించే వస్తువులే కావాలి.

నన్ను చూసిన ప్రతివాళ్లూ "కూర్చుని చేసే పనేగా, నరసాపురం లేసు అల్లుకోమ్మా" అంటారు. లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అల్లే ఆవిడకి రోజుకెంత పడుతుందో ముందు అడిగి రండి. కాళ్లు లేకపోతే కూలి కూడా సగమే చాలనుకుంటారేమో! నా మట్టుకు నాకు ఏ గ్రాంటు కన్నా 2024 జులై నుంచి 3,000 కాస్తా 6,000 అయిన పింఛనే నయం. ఒకటో తారీకున చేతికొస్తుంది, దండ వెయ్యరు.

సరే, మీ దరఖాస్తు సంగతి. రాసే ముందు ఆ 40 మంది ఇళ్లకీ వెళ్లండి. ఎవరి కాలు, ఎవరి చెయ్యి, ఎవరి కన్ను అని విడివిడిగా రాసుకోండి. కుట్టుపనే వద్దనేవాళ్లు సగంమంది ఉంటారు, పందెం. మిషను కావాలన్నవాళ్లకి మోటారు, దాన్ని మోచేతికో మోకాలికో అందేలా బిగించే మెకానిక్కు కూలి బడ్జెట్‌లో విడిగా చూపించండి. మొదటి సీజను సరుకుకి మనిషికి ఇంత అని అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ ప్రకారం పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం మావే, అందులోనూ ఆడవాళ్లకి ముందు. ఆ లెక్క మండలాఫీసులో అడిగి జత చెయ్యండి. వర్షాకాలంలో ఒకసారి కాలవ దాటి చూడండి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు వెళ్తే దిగి నడిచిపోతారు, అంతా బాగానే ఉందనిపిస్తుంది.