రద్దు, విమోచన, వెట్టి: ఏ మాట ఎక్కడ?

సందేహం: “1863లో లింకన్ బానిసత్వాన్ని రద్దు చేసి, బానిసలకు విముక్తి ప్రసాదించాడు” అని మా అబ్బాయి వ్యాసంలో రాశాడు. ఉపాధ్యాయురాలు దాన్ని “1863లో లింకన్ బానిసల విమోచన ప్రకటన చేశాడు” అని మార్చారు. తేడా ఏమిటి? అలాగే, తెలంగాణలో ఒకప్పుడున్న వెట్టిని బానిసత్వం అనవచ్చా?
(ఒక పాఠకురాలు, వరంగల్)

సమాధానం: ఉపాధ్యాయురాలి దిద్దుబాటు చాలా సరైనది. రద్దయ్యేది ఒక పద్ధతి, ఒక హక్కు, ఒక చట్టం. విమోచన జరిగేది మనిషికి. 1863 జనవరి 1 నాటి లింకన్ ప్రకటన, కేంద్రంపై తిరుగుబాటు చేసిన రాష్ట్రాల్లోని బానిసలు ఇకపై స్వతంత్రులని చెప్పింది. కేంద్రం పక్షాన నిలిచిన కెంటకీ, డెలావేర్ వంటి రాష్ట్రాల్లో మనుషుల్ని ఆస్తిగా ఉంచుకోవడం ఆ తర్వాత కూడా చట్టబద్ధంగానే సాగింది. నేరానికి శిక్షగా చేయించే పనిని మినహాయించి దేశమంతటా బానిసత్వం రద్దయింది 1865 డిసెంబరులో, రాజ్యాంగ 13వ సవరణతో. 1863 పక్కన ‘రద్దు’ అని రాస్తే చరిత్రే తప్పుతుంది.

విముక్తి, విమోచన రెండూ ‘ముచ్’ ధాతువు నుంచి వచ్చినవే. విడిపించే పని విమోచన, విడుదల పొందడం విముక్తి. వాడుకలో ఈ గీత చెరిగిపోతున్నా, ప్రకటన ‘విమోచన’కు, దాని ఫలం ‘విముక్తి’కి అనుకుంటే ఇబ్బంది ఉండదు.

నాకు అసలు అభ్యంతరం ‘ప్రసాదించాడు’ మీద. ప్రసాదమంటే అనుగ్రహం. పుచ్చుకునేవాడికి అందులో చేతులు జోడించడం తప్ప వేరే పాత్ర లేదు. అమెరికా అంతర్యుద్ధంలో కేంద్ర సైన్యం తరఫున సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పోరాడారు. వారిలో చాలామంది నిన్నటిదాకా బానిసలే. హైతీలో బానిసలు 1791లో తిరగబడి, 1804 నాటికి సొంత దేశాన్నే స్థాపించుకున్నారు. వారికి ఎవరు ప్రసాదించారు? ‘సాధించుకున్నారు’ అనండి, లేదా కనీసం ‘విముక్తి పొందారు’ అనండి.

ఈ అనుగ్రహ భావన మనకూ పాతదే. దాసుణ్ణి విడిచిపెట్టే తంతును నారదస్మృతి వర్ణిస్తుంది. యజమాని అతని భుజం మీది నీటికుండను తీసుకుని పగలగొట్టాలి. అక్షతలు, పూలు కలిపిన నీళ్లు అతని తలపై చల్లి, ‘అదాసుడు’ అని మూడుసార్లు పలికి, తూర్పుముఖంగా సాగనంపాలి. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. అయితే ఆ వెంటనే, అప్పటి నుంచి అతణ్ణి ‘స్వామ్యనుగ్రహపాలితుడు’, అంటే యజమాని అనుగ్రహం కాపాడినవాడు, అనాలంటుంది ఆ గ్రంథం. కుండ పగిలినా యజమాని దయ అతని పేరును వదలలేదు. మనుస్మృతి చెప్పే ఏడు రకాల దాసుల్లో ‘భక్తదాసుడు’ ఒకడు. ఇక్కడ భక్తమంటే అన్నం. దేవుడి మీద భక్తితో కాదు, తిండి కోసం దాసుడైనవాడు అతను. రామదాసు పేరులోని దాస్యం స్వయంగా కోరుకున్నది, ఈ దాస్యం ఆకలి తెచ్చిపెట్టినది. కాబట్టి చరిత్ర రాసేటప్పుడు ‘దాస్యం’ కంటే ‘బానిసత్వం’ అన్న మాటే మేలని నా అభిప్రాయం.

ఇక వెట్టి. సంస్కృత ‘విష్టి’ నుంచి వచ్చిన మాట ఇది. కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించుకునే పని అని అర్థం. కరాలతో, విష్టితో ప్రజల్ని బాధించకుండానే చెరువు కట్ట వేయించానని క్రీ.శ. రెండో శతాబ్దపు రాజు రుద్రదాముడు జునాగఢ్ శాసనంలో గొప్పగా చెప్పుకున్నాడంటే, అది అప్పటికే ఎంత మామూలో ఊహించుకోవచ్చు. నిజాం రాజ్యంలో కుమ్మరి కుండలు, చాకలి చాకిరీ, రైతు నాగలి అన్నీ ముందు దొర గడికి, పైనుంచి వచ్చిన అధికారులకు వెళ్లేవి. అయినా కుమ్మరిని దొర సంతలో అమ్ముకోలేడు. అక్కడ పెత్తనం శ్రమ మీద. బానిసత్వంలో మనిషే సొత్తు. ఈ తేడాను చెరపకూడదు.

అయితే అదే గడిలో ‘ఆడబాప’ ఉండేది. దొర కూతురు అత్తవారింటికి వెళ్తే సారెతో పాటు పంపిన పిల్ల ఆమె. ఆమెను వెట్టిమనిషి అనడం అన్యాయం. వస్తువులా ఇచ్చిపుచ్చుకున్న మనిషిని బానిస అనే అనాలి. భాగేలా ఈ రెండింటి మధ్య నిలుస్తుంది. అప్పు కింద కుదిరిన మనిషి అప్పు తీరేదాకా కదలలేడు. తీరకుండా చూసేవాడూ అప్పిచ్చినవాడే.

చట్టాలు కూడా ఈ తేడాల మధ్యే నడిచాయి. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం తెచ్చిన 1843 నాటి చట్టం, మనిషిపై ఆస్తిహక్కును న్యాయస్థానాలు గుర్తించరాదన్నది. నిజాం రాజ్యానికి అది వర్తించదు. వర్తించిన చోటా అప్పుల కట్టు, వెట్టి దాని కంట పడలేదు. వాటిని దేశమంతటా పేరుపేరునా పట్టుకున్నది 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం. ఆ ఇంగ్లీషు చట్టంలో దేశం నలుమూలల వాడుక పేర్లు ముప్ఫై దాకా ఉన్నాయి. భాగేలా, జీతా, పాలేరు, వెట్టి అక్షరాలా అందులో కనిపిస్తాయి. ఊరి మాటను ఊరి మాటగానే రాయకపోతే, ‘మాది బానిసత్వం కాదు, పాలేరు పద్ధతి’ అని యజమాని తప్పించుకునేవాడు.

మీ అబ్బాయి వెట్టి గురించి రాయవలసివస్తే ‘వెట్టి’ అనే రాయమనండి. అది బానిసత్వంతో సమానమని అతనికి అనిపిస్తే, ఎందుకు సమానమో తర్వాతి వాక్యంలో చెప్పమనండి.