ఆపరేషన్ నొప్పికి గంజాయి గమ్మీలు తెప్పించుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. రెండు నెలల క్రితం మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. మాత్రలు వేసుకున్నా నొప్పితో రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. కాలిఫోర్నియాలో ఉన్న మా తమ్ముడు, అక్కడ షాపుల్లో అమ్మే గంజాయి గమ్మీలను (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయిలు) వచ్చే నెల ఇండియా వస్తున్న స్నేహితుడితో పంపిస్తానంటున్నాడు. అక్కడి డాక్టరు మందుల చీటీ కూడా పెడతాడట. ఇంకో బంధువు ఏజెన్సీ నుంచి ఆకు తెప్పిస్తానంటున్నారు. మందుకే కదా, కేసవుతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అవుతుంది. ముందు తమ్ముడికి ఫోన్ చేసి పంపొద్దని చెప్పండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

కాలిఫోర్నియాలో 21 ఏళ్లు దాటినవాళ్లకు గంజాయి అమ్మవచ్చన్నది ఆ రాష్ట్ర చట్టం. దాన్ని విమానంలో దేశం దాటించడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం కూడా నేరమే. ఇక్కడ దిగాక మత్తు పదార్థాల మీద 1985లో తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. దాని 8వ సెక్షన్‌లో వైద్య అవసరాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఆ ఒక్క ముక్కే చదివి వస్తారు. ఆ వాక్యం అక్కడితో అయిపోదు. చట్టమూ నిబంధనలూ చెప్పిన పద్ధతిలో, లైసెన్సో పర్మిటో కావలసిన చోట అది ఉంటేనే మినహాయింపు. అమెరికా డాక్టరు చీటీ ఆ పర్మిట్ కాదు.

నాకు ఎక్కువ టెన్షన్ ఆ స్నేహితుడి గురించే. దిగుమతి చేస్తే 23వ సెక్షన్. సంచిలో ఏముందో తెలియదంటే సరిపోదు, తెలియదని నిరూపించుకునే భారం 35వ సెక్షన్ ప్రకారం ఆయన మీదే పడుతుంది. గమ్మీలో మత్తు చిటికెడే, మిగతాదంతా చక్కెర అనే వాదనకూ బలం తక్కువ. శిక్ష తేల్చడానికి మిశ్రమం మొత్తం బరువునే లెక్కించాలని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

బంధువు తెచ్చే ఆకు సంగతి. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మ చివర్లు. అవి కలవని ఉత్త ఆకు ఆ నిర్వచనంలోకి రాదు. ఇది విని సంతోషించకండి. ఎక్సైజ్ చట్టం ఆకును కూడా మత్తు పదార్థంగానే చూస్తుంది. పైగా ఆకులో నాలుగు పూత రెబ్బలు కలిసినా అది గంజాయి కేసే. కిలో వరకు దొరికితే ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వాడినందుకు 27వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష వేరే ఉంది. అది అమ్మగారికే వర్తిస్తుంది.

చట్టబద్ధమైన దారి లేకపోలేదు. ఆయుర్వేదంలో గంజాయి ఆకును విజయ అంటారు. లైసెన్సు ఉన్న కంపెనీలు దానితో చేసిన మందులను ఆయుర్వేద డాక్టరు రాసిస్తే కొనవచ్చు. సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వైద్యుల పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ఉన్నాయో లేదో చూసి, బిల్లు దాచుకోండి. ఆన్‌లైన్‌లో ఇవేవీ లేకుండా సీబీడీ (గంజాయి మొక్కలోని ఒక రసాయనం) అని మాత్రమే రాసి అమ్మే నూనె జోలికి పోవద్దు. కొనే ముందు ఆపరేషన్ చేసిన డాక్టరుకు చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే సీబీడీ వాటిలో కొన్నింటి ప్రభావాన్ని పెంచుతుంది. ఇది లాయరు చెప్పాల్సిన మాట కాదనుకోండి, అయినా చెబుతున్నా.

నొప్పి మందులు అడగడానికి కూడా చాలామంది జంకుతారు. 2018లో ట్రమడాల్ ఎన్‌డీపీఎస్ పరిధిలోకి వచ్చాక మందుల షాపులవాళ్లూ తటపటాయిస్తున్నారు. చీటీ ఉంటే అది చట్టబద్ధమే. మార్ఫిన్ లాంటివి రోగులకు అందడం తేలిక కావాలనే 2014లో చట్టాన్ని సవరించారు. అవి అమ్మగారికి అవసరమా కాదా అన్నది పెయిన్ క్లినిక్ డాక్టరు తేలుస్తారు. రెండు నెలలైనా నిద్ర పట్టనివ్వని నొప్పిని ఎలాగూ చూపించాల్సిందే.

ఒకవేళ ఆ స్నేహితుడు ఇప్పటికే వచ్చేసి ఉంటే డబ్బా మీ ఇంటికి తెప్పించుకోకండి, ఇంకొకరి చేతికి ఇప్పించకండి. ముందుగా ఆయనను ఒక క్రిమినల్ లాయరుతో మాట్లాడమనండి.