ఒరేయ్ అల్లుడూ, ముందు రెండు పాయింట్లు వెయ్యి

ఒరేయ్ అల్లుడూ,

నీ వాట్సాప్ మెసేజ్ రాత్రి పదింటికి చూశాను, గదిలో కట్టాలనుకుంటున్న బొమ్మ రైల్వేకి కాగితం మీద గీసిన ప్లాను ఫోటో కూడా. జూమ్ చేసి చూస్తే ఒక జంక్షను, రెండు సొరంగాలు, గోదావరి బ్రిడ్జి, కొండ మీదికి ఎక్కే లైను, దాని కింద లోకో షెడ్డు! గది చూస్తే పదకొండు బై పది. అందులో బీరువా ఒకటి, పిల్లాడి చదువుకునే బల్ల ఒకటి. పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి "నీ పిచ్చి వాడికీ అంటించావు కదరా" అని నన్నే తిట్టింది. తిట్లు ఎలాగూ పడ్డాయి కాబట్టి పద్ధతిగా చెప్తాను విను. ఫోన్‌లో అయితే నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ బ్రిడ్జి సంగతి. నువ్వు కొనాలనుకుంటున్నది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలుదానిలో 87వ వంతు. రాజమండ్రి ఆర్చ్ బ్రిడ్జికి 28 కమానులు, ఒక్కొక్కటి దాదాపు 97 మీటర్లు. 87తో భాగించు. ఒక్క కమానే 112 సెం.మీ. వస్తుంది, బ్రిడ్జి మొత్తం 31 మీటర్ల పైమాటే, మీ అపార్ట్‌మెంట్ కారిడార్ కూడా చాలదు. రైలు సంగతీ అంతే. పాత ఐసీఎఫ్ రకం ప్రయాణికుల పెట్టె 21.3 మీటర్లు, బొమ్మలో 24.5 సెం.మీ. ఇరవై నాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్ కావాలంటే ఇంజను కాకుండానే ఆరు మీటర్లు. నీ గది ఈ గోడ నుంచి ఆ గోడకి మూడు మీటర్ల చిల్లర. అందుకే కొనేముందు కాలిక్యులేటర్ తియ్యమని అందరికీ చెప్తుంటాను, ఎవడూ తియ్యడు, నేనూ తియ్యలేదు.

నా సంగతి నీకు సగమే తెలుసు. ముప్పై ఏళ్లు రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్‌గా పాయింట్ల చుట్టూ (అంటే రైలుని ఒక లైనులోంచి ఇంకో లైనులోకి మళ్లించే చోట్లు), ట్రాక్ సర్క్యూట్ల చుట్టూ (పట్టా మీద రైలుందో లేదో కనిపెట్టే కరెంటు ఏర్పాటు) తిరిగినవాణ్ణి, నాకు తెలియని పట్టాలేమిటి అనుకుని రిటైరైన కొత్తలో ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు తెచ్చి గుండ్రంగా లైను వేసేశాను. నాలుగడుగుల వెడల్పులో 22 అంగుళాల రేడియస్ వంపు కూడా పడుతుంది కానీ, అంచుకీ పట్టాలకీ మధ్య అంగుళమున్నర మిగులుతుంది, అంతే. నేను 18 వేశాను. అంత బిగుతైన వంపులో పొడుగు పెట్టె మధ్యభాగం లోపలికి, చివర్లు బయటికి తోసుకొస్తాయి. పెట్టెల్ని కలిపే కప్లింగ్ పక్కకి లాగేసి చక్రం పట్టా ఎక్కుతుంది. చాలదన్నట్టు ఒక లైను మీదుగా ఇంకో లైను పోవాలని కొండ కూడా కట్టాను. కింద రైలు దూరడానికి, పైన బ్రిడ్జి మందానికి కలిపి ఎనిమిదిన్నర సెం.మీ. ఎత్తు కావాలి. 1 ఇన్ 50 వాలుతో, అంటే యాభై అడుగులకి ఒక్క అడుగు లేచే వాలుతో, అంత ఎత్తు ఎక్కాలంటే పద్నాలుగు అడుగుల లైను కావాలి, దిగడానికి ఇంకో పద్నాలుగు. నా దగ్గర అంత చోటెక్కడిది? 1 ఇన్ 25 పెట్టాను. అయిదు పెట్టెలు తగిలిస్తే ఇంజను చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, రైలు మాత్రం వెనక్కి జారింది, జారి జారి వంపులో పట్టాలు తప్పి, మా వాడు మొదటి జీతంలోంచి కొని పంపిన ఇంజనుతో సహా గచ్చు మీద పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత కొండ పీకేసి చదునుగా చేసి పదిహేను రోజులు గుండ్రంగా తిప్పాను. విసుగొచ్చింది. ఆ వేసవిలో ఆ ప్లైవుడ్ మీద మీ అత్తయ్య వడియాలు పెట్టుకుంది.

విసుగెందుకొచ్చిందో నాకు తర్వాత తెలిసింది. ఉద్యోగంలో ఉండగా నేను చూసిన రైల్వే అంతా రైలు ఆగిన చోట జరిగేదే: పాయింటు మార్చడం, ఇంజను విప్పడం, పక్క లైనులోంచి తెచ్చి అవతలి కొసకి తగిలించడం, గూడ్స్ షెడ్డు దగ్గర ఒక వ్యాగన్ వదిలి ఇంకోటి లాక్కెళ్లడం. నేను కట్టిన బొమ్మలో అవేవీ లేవు, తిరగడం ఒక్కటే. అందుకే నీకు నా సలహా ఒకటే. ఆ జంక్షను ప్లాను మడిచి బీరువాలో పెట్టు. అయిదడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న పలక ఒకటి తీసుకో, రెండు పాయింట్లు వెయ్యి.

దీన్ని ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అంటారు. ఇంగ్లండులో ఆలన్ రైట్ అనే ఆయన పెట్టిన ఆట. రెండు పాయింట్లతో మూడు సైడింగులు, అంటే వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు, వస్తాయి. ఒకదాంట్లో అయిదు వ్యాగన్లు, మిగతా రెంటిలో మూడేసి పడతాయి. ఇవతల షంటింగ్ నెక్‌లో, అంటే ఇంజను వ్యాగన్లతో ముందుకీ వెనక్కీ ఆడే లైను ముక్కలో, ఇంజనూ మూడు వ్యాగన్లూ పట్టాలి, అంతకు మించి పట్టకూడదు. మొత్తం ఎనిమిది వ్యాగన్లు, అరచేతిలో ఇమిడే పాత నాలుగు చక్రాలవి. ఎనిమిదింటికీ చీటీలు రాసి డబ్బాలో వేస్తాం, అయిదు తీస్తాం, తీసిన వరసలోనే ఆ అయిదింటినీ పొడుగు సైడింగులో బండిగా కట్టాలి. చిన్నపిల్లల ఆటలా ఉందనుకుంటున్నావేమో, వరసలు 6,720 వస్తాయిరా, లెక్కేసుకో. మా ఇంట్లో చీటీలు తీసేది మీ అత్తయ్యే. సాయంత్రం టీ పెట్టి, సీరియల్ మొదలయ్యేలోపు అయిదు చీటీలు తీసి బల్ల మీద పెడుతుంది, సీరియల్లో మొదటి బ్రేకు వచ్చేలోపు నేను బండి కట్టాలి. కట్టలేకపోతే మర్నాడు కూర నేను తరగాలి. నెలకి ఇరవై రోజులు నేనే తరుగుతున్నాను.

అది నడిచాక, అంటే నెల రోజులు ఒక్కసారి కూడా పట్టాలు తప్పకుండా నడిచాక, ఇంకో మూడడుగులు కలుపుకుని రేపల్లె కట్టు. మన తెనాలి–రేపల్లె లైనుకి మించినది నీకు దొరకదు. సింగిల్ లైను, చుట్టూ డెల్టా, కాలవలు, వరిచేలు, కొండా సొరంగమూ ఏమీ అక్కర్లేదు, రేపల్లెలో పట్టాలు ఆగిపోతాయి. రెండు పెట్టెల ప్యాసింజరు వస్తుంది, ఇంజను విప్పి లూప్ లైనులోంచి (రెండు కొసలా కలిసే పక్క లైను) వెనక్కి తెచ్చి తగిలిస్తావు, బండి మళ్లీ తెనాలి వైపు పోతుంది. తెనాలి అంటే బీరువా పక్కన అట్టముక్క వెనకాల దాచిన రెండున్నర అడుగుల లైను. ఇక్కడొక్కటి గుర్తుపెట్టుకో. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను బొమ్మలో 20 సెం.మీ. ఉంటుంది, కాబట్టి చివరి పాయింటు దాటాక కనీసం 25 సెం.మీ. పట్టా వదలాలి. మొదటిసారి నేను 18 వదిలాను. ఇంజను వెళ్లింది, పాయింటు మార్చడానికి మాత్రం లేదు.

నీకు కంటికి తగిలే సంగతి ఒకటుంది, మనవాళ్లందరూ దీని మీదే కొట్టుకుంటారు. మన బ్రాడ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మి.మీ., 87తో భాగిస్తే 19.3. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5, అది బయటి దేశాల స్టాండర్డ్ గేజ్‌కి లెక్క. అందువల్ల మన పెట్టె ఆ పట్టాల మీద నిలబడితే కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడినట్టు ఉంటుంది. వదిలెయ్. సరిచెయ్యాలంటే ప్రతి పట్టా, ప్రతి చక్రం చేత్తో చేసుకోవాలి, ఉద్యోగం చేసుకుంటూ నీవల్ల కాదు.

డబ్బు సంగతి. ఇంజన్ల జాబితా కూడా పంపావు, నాలుగు! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఒక్కటి కొను, నింపాదిగా, కుదుపు లేకుండా నడిచేది. బయటి నుంచి తెప్పిస్తే బొమ్మల మీద సుంకం గట్టిగా పడుతుంది, 2020లోనే 20 శాతం నుంచి 60కి పెంచారు, ఆ తర్వాత ఇంకా పెరిగింది. అందుకని ఖర్చు పట్టాల మీద, పాయింట్ల మీద పెట్టు. ఇత్తడి పట్టా చవకగా వచ్చిందని తీసుకోకు, దానికి పట్టే చిలుం కరెంటుని ఆపేస్తుంది. నికెల్ సిల్వర్‌దే తీసుకో. ఒక్క ఇంజనుకి డిజిటల్ కంట్రోలు కూడా అనవసరం, మామూలు 12 వోల్టుల డీసీ చాలు.

ఇక పని దగ్గరికి వద్దాం, అసలు పేచీ ఇక్కడే. పట్టా ముక్కలు కలిపిన ప్రతిచోటా కళ్లు మూసుకుని బొటనవేలి గోరు మెల్లగా లాగి చూడు. గోరు ఎక్కడ తట్టుకుంటే చక్రం అక్కడే తట్టుకుంటుంది, సన్న ఆకురాయితో నునుపు చెయ్యి. జాయింట్లే కరెంటు మోసుకుపోతాయిలే అని వాటిని నమ్మకు, ప్రతి ముక్కకీ విడిగా వైరు దించు. సోల్డరింగ్ చేసేటప్పుడు ప్లాస్టిక్ స్లీపర్లు కరిగిపోతాయని భయం కదా, వైరు పెట్టే చోటుకి అటూ ఇటూ తడి దూది పెట్టి, వైరుకీ పట్టాకీ విడివిడిగా ముందే సీసం పట్టించి, రెంటినీ తాకించి క్షణంలో తియ్యి. నా చెయ్యి వణుకుతోంది ఈమధ్య, అందుకని మా వీధిలో సెల్ రిపేరు కుర్రాడు ఆదివారాలు వచ్చి చేసి పెడుతున్నాడు. పాయింట్లు కొనేటప్పుడు మధ్యలో వి ఆకారంలో కలిసే క్రాసింగ్‌కి కరెంటు వచ్చేవి అడిగి తీసుకో. అక్కడ ప్లాస్టిక్ ఉంటే చిన్న ఇంజను నింపాదిగా వెళ్లేటప్పుడు అక్కడే ఆగిపోతుంది, నువ్వు ప్రతిసారీ వేలితో తోస్తూ కూర్చోవాలి. ఆ కరెంటు వచ్చే రకంలో క్రాసింగ్ దాటిన రెండు లోపలి పట్టాలకీ ఇన్సులేటెడ్ జాయింటు (కరెంటు దాటనివ్వని జాయింటు) వెయ్యడం మర్చిపోకు, లేకపోతే షార్ట్.

కంకర కొనకు. రోడ్డు పక్కన ఇల్లు కడుతుంటే రాతి పొడి గుప్పెడు అడిగి తెచ్చుకో. అసలు కంకర రాయి అయిదారు సెం.మీ. అనుకుంటే, బొమ్మలో అర మిల్లీమీటరు దాటి కాస్త, టీ జల్లెడలోంచి దిగేది సరిగ్గా సరిపోతుంది. జల్లించాక అయస్కాంతం ఒకసారి తిప్పు, ఇనుప రజను ఉంటే మోటారులోకి పోతుంది. పరిచి, నీళ్లు సన్నగా చల్లి తడిపి, అప్పుడు సగం ఫెవికాల్ సగం నీళ్లు, అందులో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చుక్కలు చుక్కలుగా వదులు. ముందు తడపకుండా వేస్తే జిగురు బంతులు కట్టి రాళ్లని ఎత్తుకుపోతుంది. పాయింటు కదిలే చోట మాత్రం వేలు కూడా పెట్టకు.

పట్టాలు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత బనీను గుడ్డ, అంతే. గరుకు కాగితంతో రుద్దావంటే గీతలు పడి వాటిలో మురికి ఇంకా ఎక్కువ చేరుతుంది. ఫ్యాను దుమ్ముకి దుప్పటి కప్పు. బల్లుల సంగతి మాత్రం నాకూ దారి దొరకలేదురా, మొన్న గూడ్స్ షెడ్డు పైకప్పు ఎత్తితే లోపల రెండు గుడ్లు. మీ అత్తయ్య తియ్యనివ్వలేదు, నెల రోజులు ఆ సైడింగ్ మూతే.

ఆదివారం మా దగ్గరికి ముగ్గురు వస్తారు: రిటైరైన గార్డు గారు, లెక్కల మేష్టారు, ఆ సెల్ రిపేరు కుర్రాడు. గంట కూర్చుంటే రైలు గురించి పావుగంట, మిగతా అంతా షుగరు, మోకాళ్లు, మేష్టారి కోడలి వీసా. వ్యాగన్లు విడదియ్యడానికి అగరుబత్తి పుల్ల వాడొచ్చని కనిపెట్టింది గార్డు గారే, కప్లింగుల మధ్య పెట్టి కాస్త తిప్పితే విడిపోతాయి. మీ మియాపూర్ వైపు ఇలాంటి పిచ్చివాళ్లు ఇద్దరు ఉండకపోరు, వెతుకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు గది కొలతలు రాసుకొని రా, తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా. నా దగ్గర పాయింట్లు రెండు అదనంగా ఉన్నాయి, ఇస్తాను. పలక ఇక్కడే మన వడ్రంగి చేత కోయిద్దాం. టీ జల్లెడ మాత్రం కొత్తది కొనుక్కో, ఇంట్లోది తీశావంటే ఈసారి మా కోడలు నాకే ఫోన్ చేస్తుంది.

మీ మామయ్య,
తెనాలి