ఆ రెప్ప వాపును కంటికురుపు అనుకోకు

చి. అమ్ములుకు ఆశీస్సులు.

నిన్ను కీమో వార్డులో, అదే క్యాన్సర్ మందులు ఎక్కించే వార్డులో, డ్యూటీకి వేశారని తెలిసింది. నేను ఇన్నేళ్లు కంటి వార్డులోనే చేశాను కాబట్టి ఒక సంగతి గట్టిగా చెబుతున్నా. అక్కడ ఎవరికైనా కనురెప్ప వాస్తే, కంటికురుపేలే, కాపడం పెడితే పోతుందిలే అనుకోవద్దు. ముందు కేస్ షీట్ తిరగేసి న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు, ఎన్నున్నాయో చూడు. మైక్రోలీటర్ రక్తంలో 500 లోపు ఉంటే చీము పట్టడానికి కావలసిన కణాలే ఒంట్లో లేనట్టు. లోపల ఎంత ముదిరినా పైకి రెప్ప కాస్త ఎర్రగా, ఉబ్బరంగా కనిపిస్తుందంతే. కనిపించే వాపుకీ రోగి చెప్పే నొప్పికీ పొంతన కుదరకపోతే రోగి మాటే నమ్ము. రెప్ప ఊదారంగుకి తిరిగినా, మధ్యలో నల్లగా చెక్కు కట్టినా అర్ధరాత్రయినా సరే డాక్టర్‌ని లేపు. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా గంటల్లో చర్మాన్ని తినేస్తుంది.

కన్ను మూసుకుపోయింది కదా అని చూడకుండా వదలకు. గ్లవ్స్ వేసుకుని, వేలిని కనుబొమ ఎముక మీద ఆనించి, కంటిగుడ్డు మీద ఒత్తిడి పడకుండా రెప్పను మెల్లగా పైకెత్తు. టార్చి వేస్తే కంటిపాప చిన్నదవుతోందా? రెండో కన్ను మూసి వేళ్లు లెక్కపెట్టగలుగుతున్నారా? నాలుగు వైపులా గుడ్డు తిరుగుతోందా? వీటిలో ఏది తేడాగా ఉన్నా జబ్బు రెప్ప దాటి కంటిగుంటలోకి దిగిందేమోనని వెంటనే చెప్పాలి.

2021లో కోవిడ్ రెండో వేవ్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోయింది గుర్తుందా? అదుపు తప్పిన షుగర్, దానికి తోడు స్టెరాయిడ్లు. రెప్ప వాపు, ముఖంలో ఒకవైపు నొప్పి, అలాగే మొదలయ్యేది. అందుకే దూది కొసతో చెంప తాకి, మొద్దుబారిందా అని అడుగు. నోరు తెరిపించి అంగిలి చూడు. నలుపు కోసం ఎదురుచూడకు, అది కనిపించేసరికే కణజాలం చచ్చిపోయి ఉంటుంది. ఫంగస్‌ని చంపే ఆంఫోటెరిసిన్ మందు ఒక్కటే సరిపోదు, చచ్చిన భాగాన్ని ఆపరేషన్ చేసి తీయాలి. పరీక్షకి ముక్క తీస్తే కొంత సెలైన్‌లో వేసి మైక్రోబయాలజీకి పంపేలా చూడు. మొత్తం ఫార్మలిన్‌లో వేశారంటే క్రిములు చచ్చిపోయి ఇక కల్చర్‌లో (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షలో) ఏమీ రాదు.

అక్కి సంగతి నీకు తెలిసిందే. నుదుటి మీద, రెప్ప మీద ఒకవైపే నీటిపొక్కులు వస్తే మనవాళ్లు ఎర్రమట్టితో అక్కి రాయించడానికి తీసుకెళ్తారు. ముక్కు కొసన కూడా పొక్కు ఉందంటే కంటికి తగిలే ప్రమాదం బాగా ఎక్కువ. వైరస్ మీద పనిచేసే ఎసైక్లోవిర్ మందు 72 గంటల్లోపు మొదలుపెడితే మంచిది, ఇమ్యూనిటీ లేనివాళ్లకు ఆలస్యమైనా ఇస్తారు. ఇక పెద్దవాళ్ల రెప్పల మీద మధ్యలో గుంటపడ్డ మెరిసే బుడిపెలు గుత్తులుగా ఉంటే పులిపిర్లని వదిలేయకు. అది మొలస్కం అనే వైరస్ చర్మవ్యాధి కావచ్చు, హెచ్‌ఐవీ పరీక్ష గురించి డాక్టర్‌కి గుర్తుచెయ్యి.

ఇంటికి పంపేటప్పుడు పక్కనున్న వాళ్లని కూర్చోబెట్టి చెప్పు: కంట్లో ఆముదం, చనుబాలు వేయొద్దని, మెడికల్ షాపులో అడిగి డ్రాప్స్ కొనొద్దని. వాటిలో స్టెరాయిడ్ ఉందో లేదో వాళ్లకు తెలియదు. ఇంట్లో పాత సీసాలుంటే తెమ్మని, పేర్లు నువ్వే చదువు.

నీ పెద్దమ్మ