సూపర్ డెలిగేట్ల మీద కోపం తెచ్చుకునే ముందు

చిరంజీవి లావణ్యకు,

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చిందని, వచ్చే ప్రైమరీలో, అంటే పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు పోటీ చేయాలో ఓటర్లు తేల్చే ఎన్నికలో, నీకు నచ్చిన అభ్యర్థి కోసం పనిచేస్తానని రాశావు. చాలా సంతోషం. అయితే సగం ఉత్తరం సూపర్ డెలిగేట్లను తిట్టడానికే సరిపోయింది. "మనం ఓట్లేసి గెలిపించుకున్నా వాళ్లు మార్చేస్తారట కదా మామయ్యా" అన్నావు. ముందు దానికే జవాబు చెప్తాను. ఆ భయంతో దిగితే అక్కర్లేని చోట శ్రమపడతావు.

డెమోక్రటిక్ పార్టీలో ప్రైమరీల ద్వారా వచ్చే డెలిగేట్లు (ప్రతినిధులు) ఎవరో ఒక అభ్యర్థి తరఫున కన్వెన్షన్‌కు, అంటే అధ్యక్ష అభ్యర్థిని ఓటు వేసి ఖరారు చేసే పార్టీ జాతీయ సభకు వెళ్తారు. సూపర్ డెలిగేట్లకు ఆ కట్టుబాటు లేదు. పార్టీకి చెందిన కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యులు, గవర్నర్లు, జాతీయ కమిటీ సభ్యులు, మాజీ అధ్యక్షులు పదవిని బట్టే వచ్చి కూర్చుంటారు. దీని వెనక ఒక కథ ఉంది. 1968లో అప్పటి ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయకుండానే చికాగో కన్వెన్షన్‌లో పార్టీ అధ్యక్ష అభ్యర్థి అయిపోయారు. మన దగ్గర అధిష్ఠానం సీల్డ్ కవర్‌లో ముఖ్యమంత్రి పేరు పంపించినట్టే అనుకో. పెద్ద గొడవై, నియమాలు మార్చి, ఎంపికను ఓటర్ల చేతికిచ్చారు. తీరా 1972 అధ్యక్ష ఎన్నికల్లో పార్టీ అభ్యర్థి మెక్‌గవర్న్ 49 రాష్ట్రాల్లో ఓడిపోయారు, 1980లో అధ్యక్ష పదవిలో ఉన్న కార్టర్ కూడా చిత్తుగా ఓడారు. అప్పుడు మీ నార్త్ కరోలినా గవర్నర్ జిమ్ హంట్ అధ్యక్షతన వేసిన కమిషన్, నాయకులకూ కొన్ని సీట్లుండాలని 1982లో తేల్చింది. 1984 నుంచి అమల్లోకి వచ్చింది.

మరి అప్పటినుంచీ ఎన్నిసార్లు ఫలితం తారుమారు చేశారు? ఒక్కసారీ లేదు. ప్రైమరీ డెలిగేట్లలో ముందున్నవాళ్లను కాదని వెనకున్నవాళ్లకు టికెట్ ఇచ్చిన సందర్భమే లేదు. 1984లో వాల్టర్ మాండేల్‌కు చివరి మెజారిటీ వాళ్లే ఇచ్చారు గానీ, అప్పటికే ఆయన తన పోటీదారు గ్యారీ హార్ట్ కంటే ముందున్నారు.

అయినా జనానికి కోపం ఊరికే రాలేదు. 2016 ఫిబ్రవరిలో న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో, హిల్లరీ క్లింటన్‌తో పోటీపడ్డ బెర్నీ శాండర్స్‌కు 60 శాతం ఓట్లు, 15 డెలిగేట్లు వచ్చాయి. హిల్లరీకి 9. సూపర్ డెలిగేట్లను కలిపి చూపించేసరికి ఆ ఘన విజయం కాస్తా దాదాపు సమానమైనట్టు కనిపించింది. జూన్ 6న, కాలిఫోర్నియా ఓటింగ్‌కు ముందురోజు సాయంత్రమే, సూపర్ డెలిగేట్లను లెక్కేసి హిల్లరీ గెలిచినట్టేనని అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ప్రకటించింది. ఇంకా ఓటెయ్యనివాళ్లకు అది ఎలా ఉంటుందో ఆలోచించు. నిజానికి ప్రైమరీ డెలిగేట్లలో, మొత్తం ఓట్లలో కూడా ఆమే ముందు. కానీ ఆ రోజు ఆ మాట వినే ఓపిక ఎవరికుంటుంది?

2018 ఆగస్టులో పార్టీ నియమం మార్చింది. పోటీ తేలకపోతే కన్వెన్షన్‌లో జరిగే మొదటి రౌండ్ ఓటింగ్‌లో సూపర్ డెలిగేట్లకు ఓటు లేదు. ఒకరికి ప్రైమరీ డెలిగేట్లతోనే తిరుగులేని మెజారిటీ వచ్చి ఉంటే మాత్రం వెయ్యొచ్చు. అంటే వాళ్ల ఓటుతో పని లేనప్పుడే వాళ్లకు ఓటు! రెండో రౌండ్‌కు వెళ్తే అందరూ ఓటేస్తారు. కానీ 1952 తర్వాత రెండు పెద్ద పార్టీల్లో ఏ కన్వెన్షన్‌లోనూ అధ్యక్ష అభ్యర్థి ఎంపిక రెండో రౌండ్ దాకా పోలేదు. రిపబ్లికన్లలో అయితే రాష్ట్రానికి ముగ్గురు జాతీయ కమిటీ సభ్యులు ఆ హోదాతో వెళ్తారు గానీ, వాళ్లూ చాలాచోట్ల ఓటర్ల తీర్పుకే కట్టుబడాలి.

నా ఉద్దేశంలో ఈ పెద్దల అసలు బలం కన్వెన్షన్ హాల్లో లేదు. ప్రైమరీలకు నెలల ముందు వాళ్లు ఫలానావారికి మద్దతు అని ప్రకటించడంలో ఉంది. దాంతో విరాళాలు, వార్తలు, కార్యకర్తలు ఆ వైపు మళ్లుతాయి. అందుకే వాళ్లను కలవాలంటే ఇప్పుడే కలువు. మీ కాంగ్రెస్ సభ్యుడు డెమోక్రాట్ అయితే ఆయన ఆఫీసుకు వెళ్లి, నియోజకవర్గం ఓటరునని చెప్పి, రెండే రెండు కారణాలు చెప్పు. నీ ఒక్కదాని కంటే పదిమందిగా వెళ్తే ఇంకా మంచిది. ఫోన్లు చేసి తిట్టేవాళ్లతో చేరకు. 2016లో కొందరికి బెదిరింపులు కూడా వెళ్లాయి. దానివల్ల ఒక్కరి మనసూ మారదు. వాళ్లను కదిలించేది సొంత నియోజకవర్గం ఓటే. 2008లో పౌరహక్కుల ఉద్యమ నేత, కాంగ్రెస్ సభ్యుడు జాన్ లూయిస్ అంతటివారు హిల్లరీని వదిలి ఒబామా వైపు వచ్చింది, జార్జియాలో తన నియోజకవర్గం ఒబామాకు భారీగా ఓటేశాకే.

లెక్క చూసేటప్పుడు ప్రైమరీ డెలిగేట్ల అంకె ఒక్కటే చూడు. దానికి సూపర్ డెలిగేట్లను కలిపి చూపించే పట్టిక కనిపిస్తే పక్కన పెట్టెయ్. 15 శాతం గీత గుర్తుంచుకో: రాష్ట్రంలో గానీ కాంగ్రెస్ నియోజకవర్గంలో గానీ ఓట్లు అంతకు తగ్గితే అక్కడ డెలిగేట్లు రారు. నీ అభ్యర్థికి 13, 14 శాతం దగ్గర ఊగుతున్న నియోజకవర్గం ఉంటే, అక్కడ వారాంతాల్లో తలుపులు తట్టడం మీ ఇంటి చుట్టూ తిరగడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

ఇంకో మాట, నువ్వే డెలిగేట్‌గా ఎందుకు నిలబడకూడదు? 2024 జులై 21న అధ్యక్షుడు బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నప్పుడు చక్రం తిప్పింది పెద్దలు మాత్రమే కాదు. ఆయన తరఫున ఎన్నికైన వేలమంది మామూలు డెలిగేట్లు ఒక్కసారిగా ఎవరికీ కట్టుబడనివాళ్లయ్యారు. మర్నాటి రాత్రికే కమలా హారిస్‌కు సరిపడా మద్దతు కూడింది. అలాంటి రోజు మళ్లీ వస్తే లోపల నువ్వుండాలి. డెలిగేట్లలో ఆడా మగా సమానంగా ఉండాలనే నియమం ఉంది, ఆసియన్ అమెరికన్లకూ యువతకూ ప్రాతినిధ్య లక్ష్యాలు పెడతారు. ప్రయాణం, హోటల్ ఖర్చులు మాత్రం సాధారణంగా మన జేబులోంచే.

దరఖాస్తు పద్ధతి ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. మీ రాష్ట్ర పార్టీ డెలిగేట్ సెలక్షన్ ప్లాన్ (డెలిగేట్లను ఎలా ఎంచుకుంటారో చెప్పే పత్రం) బయటపెట్టగానే గడువు తేదీలు క్యాలెండర్‌లో రాసిపెట్టుకో. ఈలోగా మీ కౌంటీ పార్టీ మీటింగులకు వెళ్తుండు. డెలిగేట్లను ఎంచుకోవడానికి ఓట్లేసేది చాలాచోట్ల ఆ గదిలో కూర్చునేవాళ్లే, వాళ్లకు నీ మొహం తెలియాలి. 2028 నియమాల్లో మార్పులేమైనా వస్తే ప్లాన్ కాపీ నాకూ పంపు, కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
మామయ్య